మొదటి మెట్టుకు ముందే బీపీ చూడండి



అరవై దాటినవాళ్లు, బీపీ, షుగరు, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు కొండకు నడిచి రావద్దని 2024 అక్టోబరులో తిరుమల తిరుపతి దేవస్థానం విజ్ఞప్తి చేసింది. అలిపిరి దారిలో 1,500వ మెట్టు దగ్గర, గాలిగోపురం దగ్గర, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్యసాయం ఉంటుందనీ చెప్పింది. మంచి మాటే. అయితే మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ ఎక్కే మనిషికి తనకు బీపీ ఉన్నట్టు తెలిస్తే కదా ఆగేది!

చాలామందికి తెలియదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన దేశంలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 21 శాతం, మగవాళ్లలో 24 శాతం మంది బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లో, దానికి మాత్రలు వాడుతున్నవాళ్లో. ప్రపంచం మొత్తమ్మీద బీపీ ఉన్న పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

మా తిరుచానూరు వాళ్లకు పెద్దాసుపత్రుల కొదవ లేదు. తిరుపతికి పోతే రుయా, స్విమ్స్. అక్కడా కాదంటే బస్సెక్కి వేలూరు సీఎంసీ. లోటంతా చిన్న క్లినిక్కులోనే. ఏ వీధి చివరి క్లినిక్కులోనైనా ఒక పూట కూర్చుంటే కనబడుతుంది. పూలు కట్టి అమ్ముకునే ఆమె మోకాళ్లనొప్పులని వస్తుంది. చీటీ రాసే అమ్మాయి పేరు, వయసు అడిగి, "తల ఏమన్నా తిరగతా ఉండాదా అమ్మా?" అంటుంది. "అదేం లేదు పాపా, మోకాళ్లే." ఇంక బీపీ మిషను బల్ల మీద ఉన్నచోటే ఉండిపోతుంది. నొప్పిమాత్రలు రాసిచ్చి పంపేస్తారు. ఆ నొప్పిమాత్రల్లో చాలావాటికి బీపీ పెంచే గుణం ఉందన్నది ఆ హడావుడిలో గుర్తుకు రాదు.

చూసినా ఎలా చూస్తారు? ఎండలో నడిచొచ్చిన మనిషికి చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి, మాట్లాడిస్తూనే గాలి కొడతారు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టించి, బట్ట పైకి తీసి, చెయ్యి గుండె ఎత్తున ఉంచి చూస్తే వచ్చే అంకె వేరు. ముప్ఫై మంది కాచుకొని ఉంటే ఐదు నిమిషాలు ఎక్కడివని డాక్టరు అడగవచ్చు. రోగులు బెంచీ మీద కాచుకొనేది గంటసేపు. ఆ బెంచీ దగ్గరే చూస్తే సరి.

ఇది కాని పనేం కాదు. 2017లో ఐదు రాష్ట్రాల్లో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమంలో మన పక్కనున్న తెలంగాణ ఉంది. ఏ పని మీద ఆసుపత్రికి వచ్చినా 30 దాటినవాళ్లకు బీపీ చూడడం, ఆమ్లోడిపిన్ లాంటి పాత చవక మాత్రలే అందరికీ ఒక పద్ధతిలో ఇవ్వడం, మళ్లీ రానివాళ్లను వెతకడం. అంతకుమించి ఆర్భాటం లేదు. 2022లో దానికి ఐక్యరాజ్యసమితి పురస్కారం వచ్చింది.

మాత్ర మొదలుపెట్టినవాళ్లది ఇంకో గొడవ. రెండు నెలలకు అంకె 120/80కి దిగగానే "తగ్గిపోయింది" అని మానేస్తారు. దించింది ఆ మాత్రేనని మెడికల్ షాపులో చెప్పేవాళ్లు తక్కువ. మాత్ర వేసుకుంటున్నా ఉప్పు రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదు. ఊరుబిండీ ఊరగాయా మజ్జిగమిరపకాయలూ ఉన్న ఇంట్లో ఆ లెక్క మధ్యాహ్నానికే దాటిపోవచ్చు.

కార్తీక బ్రహ్మోత్సవాల్లో మా తిరుచానూరు అమ్మవారి పంచమి తీర్థానికి జనం విరగబడి వస్తారు. అప్పుడు పెట్టే వైద్య శిబిరాల్లో కళ్లు తిరిగి పడినవాళ్లనే కాక, 30 దాటిన ప్రతివాళ్లనూ కూర్చోబెట్టి బీపీ చూడాలి. అలిపిరిలోనూ శ్రీవారి మెట్టు దగ్గరా మొదటి మెట్టుకు ముందే నాలుగు కుర్చీలు, రెండు మిషన్లు, ఒక నర్సమ్మ ఉంటే చాలు. పై అంకె 180 దాటినవాళ్లను ముందు డాక్టరుకు చూపించి, ఆయన సరేనంటే బస్సెక్కించవచ్చు. అంకె రాసిన చీటీ వాళ్ల చేతికిస్తే సొంతూరి పీహెచ్‌సీలో చూపించుకుంటారు. మొక్కిన మెట్లు వచ్చే ఏడు ఎక్కుతారు.

– ఒక పాఠకుడు, తిరుచానూరు