రేవు ఒకరిది, కొనుగోలు ఇంకొకరిది
(బిలాస్‌పూర్ నుంచి: వారం వారం)

బిలాస్‌పూర్ రైల్వే ప్రాంతంలోని బుధవారీ బజారులో మంచు మధ్య నుంచి తీసి తూచే చేపను ఇక్కడివాళ్లు 'ఆంధ్రా మచ్చీ' అంటారు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగి లారీలో ఇంత దూరం వచ్చిన సరుకది. ఛత్తీస్‌గఢ్ ఏటా ఆంధ్ర నుంచి కొనేదెంత అని లెక్క తీస్తే ఈ చేప తేలదు. తాజా చేపకు జీఎస్టీ లేదు, ఈ-వే బిల్లూ అక్కర్లేదు. మామిడికీ అరటికీ అంతే. అదే ఎండుమిర్చి లోడయితే ఎక్కడ బయల్దేరింది, ఎక్కడ దిగాలి, విలువెంత, లారీ నంబరేమిటి, అన్నీ బిల్లులో ఉంటాయి.

అంతకన్నా పెద్ద చిక్కు రేవు దగ్గర ఉంది. భిలాయి ఉక్కు కర్మాగారానికి కావలసిన కోకింగ్ బొగ్గులో చాలా భాగం ఆస్ట్రేలియా వంటి దేశాలది. అది విశాఖలో దిగి వ్యాగన్లకెక్కి, విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ వైపు వస్తుంది. కస్టమ్స్ పద్దులో మాత్రం విశాఖ దిగుమతే. రేవులవారీ పట్టికను రాష్ట్రాల కొనుగోళ్లుగా చదివామా, ఆంధ్ర మహా కొనుగోలుదారు అయిపోతుంది. సముద్రం లేని ఛత్తీస్‌గఢ్ పరదేశం నుంచి ఏమీ తెచ్చుకోనట్టే కనిపిస్తుంది.

ఈ దారి వేసింది దిగుమతికి కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తిచేసింది, 1933లో విశాఖ హార్బరు తెరుచుకుంది. సెంట్రల్ ప్రావిన్సెస్ మాంగనీసును ఓడకెక్కించడం అప్పటి ముఖ్య ఉద్దేశం. 1959లో భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. తర్వాతి కాలంలో అదే పట్టాల మీద విదేశీ బొగ్గు ఎదురొచ్చింది. ఆ రైల్వే కొలువులకే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ల పిల్లలూ మనవలూ ఇవాళ బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఉన్నారు.

ఐరోపాలోనూ ఇదే తంటా. నెదర్లాండ్స్ జనాభా 1.8 కోట్లు, పక్కనున్న జర్మనీది 8 కోట్ల పైమాటే. అయినా 2022లో యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో చైనా సరుకు ఎక్కువ దిగుమతి చేసుకున్నట్టు లెక్కకెక్కింది నెదర్లాండ్సే. డచ్చివాళ్లు అంత వాడేశారని కాదు, రోటర్‌డామ్ రేవు వాళ్లది. దిగినదాంట్లో చాలా భాగం జర్మనీకీ మరిన్ని దేశాలకూ వెళ్లిపోతుంది. గణాంకాలవాళ్లు దీన్ని 'రోటర్‌డామ్ ప్రభావం' అంటారు. ఇంకో సంగతి. 1993లో ఆ దేశాల మధ్య కస్టమ్స్ గేట్లు ఎత్తేశారు. అప్పటి నుంచి కంపెనీలు నెలనెలా ఇచ్చే వివరాలే లెక్కకు ఆధారం. అందుకే 1980ల అంకెనూ ఇప్పటి అంకెనూ నేరుగా పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

మన దగ్గర ఆ మలుపు 2017 జులై 1న వచ్చింది. జీఎస్టీతో చెక్‌పోస్టులు పోయాయి, 2018 ఏప్రిల్ నుంచి రాష్ట్రం దాటే సరుకుకు ఈ-వే బిల్లు వచ్చింది. కోల్‌కతాలోని కేంద్ర వాణిజ్య గణాంకాల సంస్థ డీజీసీఐఎస్ రైలు సరుకును రాష్ట్రాలవారీగా చాలాకాలంగా లెక్కిస్తోంది కానీ అందులో లారీ లేదు. 2016-17 ఆర్థిక సర్వే పన్ను ఇన్వాయిసులు దగ్గర పెట్టుకుని కట్టిన లెక్కలో రాష్ట్రాల మధ్య వ్యాపారం జీడీపీలో దాదాపు 54 శాతమని తేలింది. ఇంత పెద్ద వ్యాపారం గురించి మామూలు మనిషి చేతికి అందే పట్టిక ఉండాలా వద్దా?

ఏ రాష్ట్రం నుంచి ఏ రాష్ట్రానికి ఏ సరుకు ఎంత వెళ్లిందో ప్రతి నెలా సులువుగా చదివేలా ప్రకటించాలి. గుంటూరు మిర్చి వ్యాపారికీ, ఇక్కడి వ్యాపార్ విహార్ హోల్‌సేలర్‌కీ, సరుకు రైళ్లు నడిపే బిలాస్‌పూర్ జోన్ కార్యాలయానికీ అది రోజూ పనికొచ్చే సమాచారం. పన్ను లేని చేపకూ పండుకూ మార్కెట్ యార్డుల రాకలను బట్టి అంచనా కట్టొచ్చు. రేవులో దిగిన సరుకు చివరికి చేరిన చోటును వేరే గడిలో చూపించాలి. 2017కు ముందున్న అంకెలనూ తర్వాతి అంకెలనూ ఒకే గీతగా కలిపేసే పట్టికను మాత్రం నేను నమ్మను. అతుకు ఎక్కడుందో ఆ పట్టికే చెప్పి తీరాలి.