టర్నవుట్ పొడవు ముందే చెప్పండి

కాలిఫోర్నియా రవాణా శాఖ అధికారులకు,

బిగ్ సర్ మీదుగా సాగే 1వ నంబరు హైవే 1937లో రాకపోకలకు తెరుచుకుంది. ఒకవైపు కొండ, మరోవైపు పసిఫిక్, మధ్యలో రెండే లేన్లు. ముప్పై అడుగుల ట్రైలర్ తగిలించుకున్న డ్రైవరు మలుపు తిరిగితే దాని చక్రాలు ముందు బండి జాడలో నడవవు, లోపలివైపు కోసుకుపోతాయి. అందుకే కుడి మలుపులో అతను పసుపు గీతకేసి జరుగుతాడు. ఎదురుగా అలాంటిదే ఇంకొకటి వస్తే?

వెనక ఐదు వాహనాలు పేరుకుంటే టర్నవుట్‌లోకి, అంటే రోడ్డు పక్కన దారి ఇవ్వడానికి ఉంచిన జాగాలోకి, తప్పుకోవాలన్నది రాష్ట్ర చట్టం. న్యాయమే. కానీ పొడవాటి బండి అందులో పడుతుందో లేదో దగ్గరికెళ్తే గానీ తెలియదు. బిక్స్‌బీ వంతెన దగ్గరైతే ఫొటోల కోసం ఆగిన కార్లదే రాజ్యం!

2017లో మడ్ క్రీక్ వద్ద కొండచరియ పడి దారి ఏడాదికి పైగా మూతపడింది. అలాంటప్పుడు ట్రైలర్ వెనక్కి తిప్పడమెక్కడ? టర్నవుట్ల పొడవు, తిప్పుకునే చోట్లు బిగ్ సర్ దారి మొదట్లో ఉన్న కార్మెల్‌లోనే బోర్డు మీద రాయించండి.