వైద్యుని పుట: ఎముకలో సున్నం, యంత్రంలో సున్నం

ఈ సంచికలో రక్తపోటు గురించి రెండవ భాగం రావలసి ఉన్నది. దానిని వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాము. ఈమధ్య హైస్కూలు పిల్లల తల్లిదండ్రులు ముగ్గురు మమ్మల్ని ఇంచుమించు ఒకే ప్రశ్న అడగడమే దీనికి కారణం. "డాక్టరుగారూ, మావాడు స్కూల్లో ఏదో అంతరిక్షం ప్రాజెక్టులో చేరతానంటున్నాడు. అయిదారుగురు కలిసి చేస్తారట. అందులో బొమ్మలు వేసే పిల్ల ఒకతె, రేడియోలు విప్పేవాడు ఒకడు. వీడు మెడిసిన్ చదవవలసినవాడు. వీడికి దానితో ఏం పని?" విడివిడిగా చెప్పే జవాబేదో అందరికీ కలిపి ఇక్కడే చెబుదామని పూనుకున్నాము.

ముందు ఎముక సంగతి చూద్దాం. ఎముక బరువు మోస్తున్నంత కాలమే గట్టిగా ఉంటుంది. నెలల తరబడి మంచం పట్టిన రోగి ఎముకలు గుల్లబారడం మేము వార్డులలో చూస్తూనే ఉంటాము. అంతరిక్షంలో శరీరానికి బరువే తెలియదు గనుక, తగిన వ్యాయామం లేకపోతే వ్యోమగామికి తుంటి దగ్గర నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా ఎముక ఖనిజం తరిగిపోతుంది. అలా కరిగిన కాల్షియం, అంటే మన సున్నపు ధాతువు, రక్తంలో కలిసి మూత్రంలో బయటికి పోతుంది. దానితో మూత్రపిండాలలో రాళ్ళు పడే భయం. ఇంతవరకూ ఇది వైద్యుల వ్యవహారం.

ఇక యంత్రం సంగతి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి భూమినుంచి నీళ్ళు మోసుకుపోవడం చాలా ఖరీదైన పని. అందుకని మూత్రాన్నే శుద్ధిచేసి మంచినీరుగా మార్చే యంత్రాన్ని 2008 నవంబరులో ఎండెవర్ షటిల్‌లో పంపారు. మూత్రంలోని నీటిలో 85 శాతం తిరిగి రాబట్టాలని లెక్క. 2009లో అది మొరాయించింది. కారణం వెతికితే లోపల పేరుకున్నది కాల్షియం సల్ఫేటు, అంటే జిప్సం! మూత్రం చెడిపోకుండా కలిపే ఆమ్లంలో సల్ఫేటు ఉన్నది. కాల్షియమో, వ్యోమగాముల ఎముకలనుంచి వచ్చింది. భూమిమీద పరీక్షించినప్పుడు భూమిమీది మనుషుల మూత్రంతో యంత్రం చక్కగానే పనిచేసింది. పైన ఉన్నవారి మూత్రంలో సున్నం పాలు ఎక్కువ.

ఎముకలు కరిగితే మూత్రంలో కాల్షియం పెరుగుతుందని వైద్యులకు తెలుసు. జిప్సం పేరుకుంటే యంత్రం ఆగుతుందని ఇంజనీర్లకు తెలుసు. ఆ రెండు తెలివిడులనూ పక్కపక్కన పెట్టి చూడడంలోనే ఉన్నది కష్టమంతా. చివరకు కొంతకాలం తక్కువ నీటితో సరిపెట్టుకుని, ఆ తరువాత గంధకామ్లం బదులు ఫాస్ఫారిక్ ఆమ్లం వాడి సమస్యను దాటారు. 2023 నాటికి కేంద్రంలోని మొత్తం నీటిలో 98 శాతం తిరిగి రాబట్టగలిగారు.

ఎముకకూ నీటికీ ఉన్న ఈ చుట్టరికం మనవాళ్ళకు కొత్త కాదు. నల్లగొండ జిల్లా బావి నీటిలోని ఫ్లోరైడు ఎన్ని వెన్నెముకలను వంచిందో అక్కడివారిని అడగాలి. రోగాన్ని గుర్తించింది వైద్యుడే అయినా, పటికా సున్నమూ వేసి ఆ నీటిని బాగుచేసే పద్ధతి నీటి శాస్త్రజ్ఞుల చేతిమీదుగా వచ్చింది.

చదువుకునే వయసులోనే ఇటువంటి సమస్యల ముందు అన్ని శాస్త్రాలవాళ్ళనూ కలిపి కూర్చోబెడితే ఎలా ఉంటుందని 1987లో ముగ్గురు యువకులు ఆలోచించారు. పీటర్ డయామండిస్, టాడ్ హాలీ, బాబ్ రిచర్డ్స్ వారి పేర్లు. వారిలో డయామండిస్ వైద్యవిద్య చదివినవాడు కావడం మాకు ముచ్చటగా తోచిన విషయం. వారు స్థాపించిన అంతర్జాతీయ అంతరిక్ష విశ్వవిద్యాలయం మొదటి వేసవి తరగతులు 1988లో ఎం.ఐ.టి.లో జరిగాయి. 21 దేశాలనుంచి 104 మంది వచ్చారు. వారికి ఇచ్చిన ఉమ్మడి పని చంద్రుడిమీద స్థావరానికి ప్రణాళిక వేయడం.

ఆ పనిలో ఎన్ని చిక్కులున్నాయో చూడండి. రేడియేషన్ తగలకుండా కప్పుమీద మందంగా మట్టి పోయమంటాడు వైద్యుడు. ఆ మట్టిని తవ్వే యంత్రం బరువెంతో తేల్చమంటాడు ఇంజనీరు. చంద్రుడిలో ఏ భాగాన్నీ ఏ దేశమూ తనదనడానికి వీల్లేదని 1967 నాటి ఒప్పందం చూపిస్తాడు లాయరు. ఖర్చెవరిదని అడుగుతాడు లెక్కలవాడు. ఎవరి మాటా తీసివేయదగ్గది కాదు.

ఇదంతా పెద్ద దేశాల వైభవమనుకోనక్కరలేదు. 2007లో హైదరాబాదులో అంతర్జాతీయ వ్యోమయాన మహాసభ జరిగింది. దానికి వెళ్ళి ఉత్సాహం పుట్టించుకున్న విద్యార్థులతో మొదలై, కర్ణాటకలోనూ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉన్న ఏడు ఇంజనీరింగు కళాశాలల పిల్లలు కలిసి స్టడ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహాన్ని తయారుచేశారు. బరువు కిలోకు లోపే. 2010 జూలై 12న శ్రీహరికోటనుంచి పి.ఎస్.ఎల్.వి. దానిని పైకి చేర్చింది. కిలోకు లోపు బరువులో కెమెరా, రేడియో, బ్యాటరీ, అన్నీ ఇమడాలి. కెమెరావాడు ఇంకాస్త కరెంటు కావాలంటే బ్యాటరీ పెరుగుతుంది. బ్యాటరీ పెరిగితే మరొకడి వాటా గ్రాములు తగ్గుతాయి. పక్కవాడి కష్టమేమిటో తెలియనివాడు అక్కడ ఒక్క గ్రాము కూడా సంపాదించలేడు.

ఇందులో ఇబ్బందులు లేవని మేము అనము. అయిదుగురిలో ఇద్దరు పనిచేసి ముగ్గురు పేరు పంచుకోవడం ఉన్నదే. ఎవరికెన్ని మార్కులు వేయాలో ఉపాధ్యాయుడికీ తలనొప్పే. అన్నిటికంటే ముందు భాష అడ్డం వస్తుంది. ప్లాస్మా అంటే మాకు రక్తంలోని ద్రవం. భౌతికశాస్త్రం చదివినవాడికి సూర్యుడిలో మండే పదార్థం. స్ట్రెస్ అంటే మాకు రోగి మనసుమీది ఒత్తిడి. ఇంజనీరుకు ఇనుముమీది ఒత్తిడి. "నువ్వు ఆ మాటతో ఏమంటున్నావు?" అని సిగ్గుపడకుండా అడగడం పదహారేళ్ళకు నేర్చుకుంటే సులువు. నలభైయేళ్ళకు, పేరు వెనక డిగ్రీలు చేరాక, నోరు రాదు. ఆసుపత్రులలో ఒక్క రోగి చుట్టూ నలుగురు స్పెషలిస్టులం తిరుగుతూ, ఒకరి రాతలు ఒకరం సరిగా చదవని రోజులున్నాయి. అప్పుడు బాధపడేది రోగి.

కనుక ఆ ముగ్గురు తల్లిదండ్రులకూ మా సలహా ఇది. మీవాణ్ణి చేరనివ్వండి. మెడికల్ స్కూలుకు కావలసిన రసాయనశాస్త్రం ఎటూ చదువుతాడు. తనకు తెలియనిది తెలిసిన మనిషితో పనిచేయడమెలాగో ఆ పుస్తకాలలో ఉండదు. బొమ్మలు వేసే ఆ పిల్లను తక్కువ చేయకండి. వాళ్ళ ప్రాజెక్టు ఎదుటివాళ్ళకు అర్థమయ్యేది ఆమె చేతివల్లనే కావచ్చు.

మాట సహాయంతో ఊరుకోకుండా ఒక చిన్న ప్రయత్నం కూడా తలపెట్టాము. ఉగాది సమావేశంలో పిల్లలకొక బల్ల ఏర్పాటు చేయడానికి కార్యదర్శిగారు ఒప్పుకున్నారు. ఇవ్వబోయే సమస్య: ఆరు నెలలు అంతరిక్షంలో ఉండే తెలుగు వ్యోమగామికి భోజనం ఏర్పాటు చేయాలి. అన్నం మెతుకు ఎగిరి యంత్రంలో దూరకూడదు. ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. కాని ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం ఇంకా పెరుగుతుంది, ఆపైన కథ మీకు తెలిసిందే! అయిదుగురేసి పిల్లల జట్లు. ఒకే తరగతివాళ్ళు, ఒకే అభిరుచివాళ్ళు ఒక జట్టులో ఉండరాదు. ఊరగాయ ఏడాదిపాటు చెడకుండా ఎందుకుంటుందో చెప్పడానికి, ఇండియానుంచి వచ్చి ఉన్న అమ్మమ్మలూ నాయనమ్మలూ ప్రతి జట్టుకూ ఒక్కరైనా నిపుణులుగా కావాలి. వారికి ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. పిల్లలే తెలుగులో అడగాలి.

పిల్లల పేర్లూ పెద్దవారి పేర్లూ ఈ నెలాఖరులోగా కార్యదర్శిగారికి అందజేయ ప్రార్థన. రక్తపోటు రెండవ భాగం వచ్చే నెల తప్పక వస్తుంది. ఈలోగా పెద్దలు కూడా ఆవకాయ కాస్త చూసి వేసుకోవాలని మనవి.