వరుసలో పోయినవాడి పద్దు

సెమాఫోరంటే వెయిట్, సిగ్నల్ అనే రెండు క్రియలని వల్లించి, ఐదు పంక్తుల ప్రోగ్రాము రాసి, మార్కులు పట్టుకుపోయే చదువు మనది. నిరీక్షణలో ఉన్న ప్రాసెస్‌ను మధ్యలో చంపేస్తే ఏమవుతుందని అడగండి. "ఏముంది, ఒకటి తిరిగి కలిపితే సరి" అంటారు. ఈ జవాబుతోనే నా పేచీ.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే మా అనంతపురం సీమలో ట్యాంకరు ముందు బిందెల వరుస అందరికీ తెలిసినదే. నీళ్ళు పట్టాకే పద్దు రాస్తే, వరుసలోంచి వెళ్ళిపోయిన మనిషికి లెక్క ఉండదు. వరుసలో నిలబడగానే రాస్తే మాత్రం ఆ పద్దు కొట్టివేయాలి. కనుక ముందు అడగవలసింది, పద్దు ఎప్పుడు రాస్తారని.

పాఠ్యగ్రంథాల్లోని ఒక పద్ధతిలో, ప్రాసెస్ నిద్రపోకముందే విలువలోంచి ఒకటి తీసేస్తారు. విలువ 1. ఒకరు లోపలికి వెళ్ళారు: 0. ఇద్దరు వేచి ఉన్నారు: -2. వారిలో ఒకరిని చంపి, విలువను అలాగే వదిలేశారనుకోండి. లోపలివాడు వెళ్తూ దాన్ని -1 చేసి, మిగిలినవాడిని లేపుతాడు. అతడు పని ముగించి 0 చేస్తాడు. లోపల ఎవరూ లేరు. అయినా ఆ తరువాత వచ్చినవాడికి నిద్రే శాశ్వతం! ఇక్కడ ఒకటి కలపవలసిందే, అయితే ఆ బాధ్యత కెర్నెల్‌ది.

సిస్టమ్ ఫైవ్ సెమాఫోర్ల తీరు వేరు. విలువ సున్నాకు దిగువకు పోదు; ప్రవేశం దొరికినప్పుడే తీసివేత. వేచి ఉన్నవారి సంఖ్య విడిగా ఉంటుంది, ఒకరు చస్తే తగ్గేది అదొక్కటే. ఇక్కడ ప్రోగ్రామరు ఉదారంగా ఒకటి కలిపాడో, లోపల ఒకరుండగానే ఇంకొకరు జొరబడతారు. ఏ తాళం కోసం ఇంత తంటా పడ్డామో ఆ తాళాన్ని మనమే తీసినట్టు.

అసలు భయపడవలసింది లోపలికి వెళ్ళాక చచ్చేవాడి గురించి. సిస్టమ్ ఫైవ్‌లో ముందుగా 'అండూ' కోరి ఉంటే కెర్నెల్ విలువను సరిచేస్తుంది. పోసిక్స్ సెమాఫోరుకు ఆ సదుపాయమే లేదు. ఎవరు లోపల ఉన్నారో దానికి తెలియదు. పోసిక్స్ 2008లో చేరిన రోబస్ట్ మ్యూటెక్స్ మాత్రం, తాళం పట్టినవాడు పోయాడని తరువాతివాడికి చెబుతుంది. సగం రాసి వదిలిన డేటాను ఇవేవీ బాగుచేయవు. ఆ పని తరువాత వచ్చినవాడే చేయాలి.

అయ్యా, అధ్యాపకులారా! నిర్వచనం అడగడం ఇక చాలు. "వేచి ఉన్నవాడు చచ్చాడు, విలువెంత?" అని ఒక్క ప్రశ్న ఇవ్వండి. ఏ పద్ధతిలో అని విద్యార్థి ఎదురు ప్రశ్న వేస్తే, అతడికి పూర్తి మార్కులు వేయండి.