ప్యానెల్ గోడకే, పాస్‌వర్డూ గోడకే

జూన్ వచ్చిందంటే తునిలో మామిడి పళ్ల కొట్ల కంటే జిరాక్స్ షాపులకే గిరాకీ ఎక్కువ. పిల్లల అడ్మిషన్లు, ఆధార్ అప్‌డేట్లు, తల్లి బ్యాంకు ఖాతా లింకు, పాత బడి నుంచి తెచ్చిన టీసీ నకళ్లు, అన్నీ ఆ నెలలోనే. బస్టాండు దగ్గర అలాంటి ఓ షాపులో నా కాగితం కోసం నిలబడి ఉండగా కోటనందూరు వైపు నుంచి వచ్చినావిడ పాప ఆధార్ ఫొటో ఫోన్లో చూపిస్తూ అడిగింది: “దీన్ని ఏ నంబరుకి పంపాలి బాబూ?” “గోడ మీద రాసుందమ్మా, వాట్సాప్ కొట్టేయండి.” కొట్టింది. రెండు నిమిషాల్లో ప్రింటు చేతికొచ్చింది. తెర మీద మాత్రం ఆ పాప ఆధార్ పైన ఇంకో పిల్లాడిది, ఆ పైన ఎవరిదో బ్యాంకు పాస్‌బుక్కు, ఇంకా పైన మరెవరిదో కుల ధ్రువీకరణ పత్రం కనిపిస్తున్నాయి. మౌస్ తిప్పినకొద్దీ ఊరంతా అందులోనే ఉంది. షాపు కుర్రాడిలో దురుద్దేశం ఏమీ లేదు. పని అయిపోయాక చెరిపేయాలని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఎందుకు చెప్పలేదంటే, చెప్పాల్సిన బడిలోనూ పరిస్థితి అదే కాబట్టి. ఈ చుట్టుపక్కలే ఒక హైస్కూలు స్టాఫ్ రూములో సిస్టమ్ పక్కన గోడకు ఓ కాగితం అంటించి ఉంది. పైన యూడైస్ కోడు, అంటే బడి గుర్తింపు సంఖ్య, కింద పాస్‌వర్డు. ఆ 11 అంకెల యూడైస్ కోడు రహస్యమేమీ కాదు, కావాలనుకున్న ఎవరికైనా దొరుకుతుంది. లాగిన్‌కి యూజర్ ఐడీ కూడా అదే. అంటే తాళంలో సగం ముందే వీధిలో ఉంది, మిగతా సగం గోడ మీద ఉంది. అది తెరిస్తే బడిలో ఉన్న ప్రతి పిల్ల పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఫోన్ నంబరు, కులం, వైకల్యం ఉంటే దాని వివరం, అన్నీ వరసగా కనిపిస్తాయి. హెడ్మాస్టర్ గారిని తప్పు పట్టబుద్ధి కాలేదు. రోజుకో యాప్, వారానికో పోర్టల్, ప్రతిదానికీ ఓ పాస్‌వర్డు, పూర్తి చేయడానికి సాయంత్రం నాలుగింటి గడువు. ఎవరైనా గోడకే అంటిస్తారు.

సర్కారు బడిలో సాంకేతికత గురించి మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్నదంతా కొనుగోలు గురించే. ఎన్ని ప్యానెళ్లు, ఎన్ని ట్యాబులు, ఎన్ని కోట్లు. కొన్నందుకు నాకేం పేచీ లేదు. 2019 నవంబర్ 14న మొదలైన ‘నాడు-నేడు’ తొలి విడతలో 15,715 బడులకు కరెంటు, ఫ్యాన్లు, మరుగుదొడ్లు, బల్లలు సమకూరాయి. తర్వాత హైస్కూలు తరగతి గదుల్లోకి తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెరలు (ఐఎఫ్‌పీ ప్యానెళ్లు), ప్రాథమిక బడుల్లోకి స్మార్ట్ టీవీలు వచ్చాయి. నేల మీద కూర్చుని చదివిన తరం వాళ్లకు అదెంత మార్పో తెలుసు. కానీ ఆ ప్యానెల్ చెడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో, వారంటీ ఎప్పటిదాకా ఉందో, తీరాక ఏ పద్దులోంచి బాగు చేయించాలో ప్రతి బడికీ తెలియాలి కదా. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల వానలు, ఓల్టేజీ ఎగుడుదిగుళ్లు తెలిసిందే. ఎర్తింగ్ సరిగా లేని గదిలో ఖరీదైన ప్యానెల్‌కీ, పాత ట్యూబ్‌లైటుకీ పిడుగు తేడా చూడదు.

ఈ కథ మనం ఒకసారి చూసేశాం. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 హైస్కూళ్లలో కంప్యూటర్ ల్యాబులు పెట్టారు. ప్రైవేటు సంస్థలే యంత్రాలు తెచ్చి, ఇన్‌స్ట్రక్టర్లను పెట్టి, అయిదేళ్లు నడిపి బడికి అప్పగించాలన్నది ఒప్పందం. 2013లో గడువు తీరింది. కంప్యూటర్లు బడికి మిగిలాయి, ఇన్‌స్ట్రక్టర్లు రోడ్డెక్కారు. నేర్పేవాడు లేని గది తాళం ఎవరు తీస్తారు? చాలా బడుల్లో ఆ గదులు చివరికి బియ్యం బస్తాలకూ, విరిగిన బెంచీలకూ పనికొచ్చాయి. అయిదేళ్లకు డబ్బు పెట్టి ఆరో ఏడాది గురించి ఆలోచించకపోవడం మన పాత అలవాటు.

ట్యాబుల వ్యవహారంలో భద్రత సమస్య కూడా వచ్చి చేరింది. 2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకూ, టీచర్లకూ బైజూస్ పాఠాలతో ట్యాబులు ఇవ్వడం మొదలైంది. ఆ విడతలోనే 5 లక్షలకు పైగా పంచారు. పాఠాలు తప్ప ఇంకేమీ తెరుచుకోకుండా లాక్ పెట్టారు. మంచిదే. కొద్ది నెలలకే ఆ లాక్ తీసేసే సెల్ రిపేరు షాపులు పుట్టుకొచ్చాయని పత్రికలు రాశాయి. (పిల్లలు ఎనిమిదో తరగతి ఫిజిక్స్‌లో చూపని పట్టుదల ఇందులో చూపించారు.) ఇటు 2024 జులైలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఒక కంపెనీ మూతపడే దశకు వస్తే దాని పాఠాల సంగతి ఏమిటి, దాని దగ్గర చేరిన పిల్లల సమాచారం సంగతి ఏమిటి అన్న ప్రశ్న అప్పుడు అసెంబ్లీలో మారుమోగాల్సింది. ట్యాబుల కొనుగోలు మీదా, పంపిణీ మీదా జరిగినంత రాజకీయ రభస ఈ ప్రశ్న మీద జరగలేదు.

టీచర్ సొంత ఫోను సంగతి మరీ విచిత్రం. 2022 ఆగస్టులో ముఖ గుర్తింపు హాజరు తెచ్చినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు అడిగింది ఒకటే: మా సొంత ఫోన్లలో మీ యాప్ ఎందుకు? నెట్‌వర్క్ అందని ఊళ్ల మాటేమిటి? గొడవ కొన్నాళ్లు నడిచింది, యాప్ మాత్రం ఉండిపోయింది. ఇవాళ మన బడి సాంకేతికతకు అసలు పునాది ఆ ఫోనే. హాజరు అందులోనే, మధ్యాహ్న భోజనం లెక్క అందులోనే, మార్కులు అందులోనే. పిల్లల ఆధార్ ఫొటోలు, తల్లుల పాస్‌బుక్కులు కూడా క్లాసు వాట్సాప్ గ్రూపుల మీదుగా ఆ ఫోన్లోకే వెళ్తాయి. 2025 వేసవిలో రాష్ట్రమంతా బదిలీలు జరిగాయి. తుని మండలంలో పనిచేసిన టీచరు వేరే మండలానికి వెళితే, ఇక్కడి పిల్లల కాగితాలూ ఆ జేబులోనే వెళ్లాయి. ఆ ఫోను పోతే, అమ్మితే, ఇంట్లో పిల్లాడి ఆటకు ఇస్తే? బదిలీ మీద వెళ్లే టీచరు దగ్గర సర్వీసు రిజిస్టరు నుంచి లైబ్రరీ పుస్తకం దాకా అన్నీ లెక్క చూసి రిలీవ్ చేస్తారు. ఫోన్లో ఉన్నవి చెరిపారా అని అడిగే గడి ఆ కాగితంలో లేదు.

ఇదంతా గోరంతని కొండంత చేయడమని అనేవాళ్లున్నారు. పిల్లల వివరాలు దొంగిలించి ఎవడేం చేసుకుంటాడని వాళ్ల ప్రశ్న. అమెరికాలో స్థిరపడ్డ మన గోదావరి వాళ్లను అడిగితే చెబుతారు. 2024 డిసెంబర్‌లో అక్కడి బడులు విరివిగా వాడే పవర్‌స్కూల్ అనే సాఫ్ట్‌వేర్‌లోంచి కోట్ల మంది విద్యార్థుల వివరాలు పోయాయి. దొంగ గోడ దూకలేదు, ఒక పాస్‌వర్డు సంపాదించాడు. ఆ పోర్టల్‌కి ఓటీపీ లాంటి రెండో తాళం లేదు. కంపెనీ సొమ్ము చెల్లించింది. అయినా కొన్ని నెలలకే ఆ సమాచారంతోనే బడులకు నేరుగా బెదిరింపులు వచ్చాయి. కెనడాలో టొరంటో బడుల రికార్డులు 1985 నాటివి కూడా బయటపడ్డాయి. అంటే అప్పుడు బడికెళ్లి ఇప్పుడు తాతలవుతున్నవాళ్లవి కూడా. ఈ పనికి పట్టుబడిన కుర్రాడి వయసు 19. మన దేశంలోనే చూడండి. కేంద్రం నడిపే దీక్ష యాప్ సమాచారం ఉన్న సర్వర్‌కి తాళమే వేయలేదని 2023 జనవరిలో బయటపడింది. 10 లక్షలకు పైగా టీచర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, దాదాపు 6 లక్షల మంది విద్యార్థుల వివరాలు అందులో ఉన్నాయి. తల్లి పేరు, పాప పేరు, బడి పేరు, క్లాసు తెలిసినవాడు “అమ్మా, బడి నుంచి మాట్లాడుతున్నాం, తల్లికి వందనం పథకం డబ్బు ఆగింది, ఓటీపీ చెప్పండి” అంటే చెప్పకుండా ఉండే తల్లులు ఎందరు?

బడి పరికరాలనూ, సమాచారాన్నీ భద్రంగా చూసుకునే పని డబ్బు లేక ఆగలేదు. కేరళకు మనకంటే డబ్బేం ఎక్కువ లేదు. అక్కడ కైట్ అనే ప్రభుత్వ సంస్థ 45,000 తరగతి గదులను హైటెక్ చేసింది. పరికరాలకు అయిదేళ్ల వారంటీ ముందే రాయించుకుంది. ఫిర్యాదు తీర్చడం ఆలస్యమైతే కంపెనీకి జరిమానా. ప్రతి బడిలో ఒక టీచరుకు ఐటీ కోఆర్డినేటర్ బాధ్యత. ఉచిత లినక్స్ సాఫ్ట్‌వేర్ వాడతారు కాబట్టి లైసెన్సు ఖర్చూ లేదు, కంపెనీ దయాదాక్షిణ్యాలూ అక్కర్లేదు. ఇక్కడ మన సంగతి చూసుకుంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. దానితోనే నడుస్తున్న పాత కంప్యూటర్లు మన ఆఫీసుల్లో, బడుల్లో ఎన్నో. మరమ్మతు ఆగిన సాఫ్ట్‌వేర్ ఎంత ప్రమాదమో 2017 మేలో వానాక్రై వైరస్ మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లనే లాక్ చేసి చూపించింది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే. వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలన్నది ఆ చట్టంలో నియమం. కొన్ని మినహాయింపులున్నా, సమాచారాన్ని భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని అందులో రాసి ఉంది. 2025 నవంబర్‌లో నిబంధనలు కూడా వచ్చాయి. అయినా ఆ స్టాఫ్ రూము గోడ మీది కాగితం చట్టం రాగానే ఊడి కింద పడదు.

అందుకు మండలానికి ఒక టెక్నీషియన్ కావాలి. మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో డేటా కొట్టే ఉద్యోగికి అదనపు డ్యూటీగా కాక, బడులు తిరిగి ఎర్తింగ్ నుంచి పాస్‌వర్డు దాకా చూసే మనిషి కావాలి. హాజరుకూ, మార్కులకూ బడికి సొంత ట్యాబు ఇవ్వాలి, టీచరు సొంత ఫోను ఆ పని నుంచి తప్పించాలి. ప్రతి లాగిన్‌కీ ఓటీపీ పెట్టాలి. ఆ ఓటీపీ బడి నంబరుకు రావాలి. పిల్లల ఆధార్ వాట్సాప్‌లో అడగడం మానాలి. వీటిలో ఖరీదైనది మొదటిదొక్కటే.

దానికీ దారి ఉంది. 2025 జూన్‌లో తల్లికి వందనం 15,000లో తల్లుల ఖాతాకు 13,000 వేసి, 2,000 బడి నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రతకు పట్టుకున్నారు. అది మీ డబ్బు. కాబట్టి వచ్చే మెగా పీటీఎంకి (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశానికి) బడికి వెళ్లినప్పుడు పాప మార్కులు అడగండి, దాంతోపాటు ఇంకో రెండు మాటలు కూడా అడగండి: ప్యానెల్ చెడిపోతే బాగు చేయడానికి ఆ 2,000లోంచి ఎంత ఉంచారు? మా పాప కాగితాలు ఎవరెవరి ఫోన్లలో ఉన్నాయి? జవాబు రాకపోతే తల్లిదండ్రుల కమిటీ తీర్మానంగా రాయించి, ఎంఈవో గారి సంతకం తీసుకుని రండి.