గడ్డి గురించి చర్చ పెడితే గడ్డి ఇచ్చేవాళ్లే ముందు మాట్లాడాలి



పై వీడియోలో బేలర్ గడ్డి కట్టలు కడుతుంటే చూశారు కదా. ఆ చేను మాదే, బేలర్ కూడా నాదే. వీడియోలో చెప్పడానికి టైం చాలని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

సార్వా వరిగడ్డి కొంటామని ఒక గ్యాస్ ప్లాంటు తరఫున మనుషులు మా ఊరొచ్చి వెళ్లారు. మూడేళ్ల ఒప్పందం అంటున్నారు. సంతకాలు పెట్టేముందు అందరికీ విషయం తెలియాలని మా ఎఫ్‌పీవో తరఫున "సుస్థిర జీవ ఇంధనం" మీద ఒక చర్చా వేదిక పెడదామనుకున్నాం. ఏర్పాట్లు చూడమని నాకు అప్పజెప్పారు.

మొదట తయారైన లిస్టు ఇలా ఉంది: ప్లాంటు ప్రతినిధి, బ్యాంకు మేనేజరు, ఒక అధికారి, ఒక శాస్త్రవేత్త, చివర్లో ఒక ఆదర్శ రైతు. ఆ ఆదర్శ రైతుని నేనేనట! నేను ఒప్పుకోలేదు. గడ్డి ఎంత ఎక్కువ అమ్ముడైతే నా బేలర్‌కి అంత పని, నాకు అంత డబ్బు. అలాంటివాణ్ని రైతులందరి తరఫున వేదిక మీద కూర్చోబెడితే ఆ చర్చ ఎటు పోతుందో మీరే చెప్పండి.

జీవ ఇంధనాలకి నేను వ్యతిరేకిని కాదు. ఈ గిరాకీ ఆగేది కూడా కాదు. 2013-14లో పెట్రోలులో ఇథనాల్ ఒకటిన్నర శాతం ఉంటే ఇప్పుడు 20 శాతానికి వచ్చింది. గడ్డి, పేడ లాంటి వాటి నుంచి తీసే కంప్రెస్డ్ బయోగ్యాస్ కోసం 2018లోనే కేంద్రం సతత్ పథకం పెట్టింది. సిటీ గ్యాస్‌లో ఈ గ్యాస్‌ని 2025-26లో 1 శాతంతో మొదలుపెట్టి 2028-29కి 5 శాతం చెయ్యాలని లక్ష్యం ఉంది. మన రాష్ట్రంలో కనిగిరి దగ్గర 2025 ఏప్రిల్‌లో ఇలాంటి ప్లాంటుకి శంకుస్థాపన కూడా జరిగింది. అక్కడ బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచుతామంటున్నారు. ఇవాళ మా ఊరొచ్చినవాళ్లు రేపు మీ ఊరికీ వస్తారు.

అందుకే "సుస్థిర" అనే మాటకి అర్థం ముందే తేల్చుకోవాలి. ప్లాంటుకి సుస్థిరం అంటే ఏడాది పొడుగునా గడ్డి ఆగకుండా రావడం. నేలకి సుస్థిరం అంటే పొలంలోంచి పోయింది మళ్లీ పొలానికి రావడం. ఈ రెండూ ఒకటి కావు. మన చర్చ రెండోదాని మీద మొదలవ్వాలన్నదే నా వాదన.

పాలిటెక్నిక్‌లో చదువుకున్న లెక్క ఒకటి చెబుతాను. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్, 400 కిలోల కర్బనం ఉంటాయి. ఆ 25 కిలోల పొటాష్‌ని కొట్లో దొరికే ఎరువు లెక్కలో చూస్తే 40 కిలోల పైమాటే. అంటే టన్ను గడ్డి లారీ ఎక్కితే దానితోపాటు దాదాపు ఒక పొటాష్ బస్తా కూడా ఎక్కినట్టు. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లం మనం ఆ బస్తా కొనం. మనకి గడ్డే పొటాష్, గడ్డే ఆచ్ఛాదన, వానపాములకి మేత.

"అబ్బాయ్, ఎలాగూ తగలబెడుతున్నారుగా, దానికంటే అమ్ముకోవడం నయం కదా" అన్నాడు మా డైరెక్టర్లలో ఒక బాబాయి. నిజమే. దాళ్వా తొందరలో మా వైపు చాలామంది నిప్పు పెడుతున్నారు. తగలబెడితే పొటాష్ కొంత బూడిదలో మిగిలినా నత్రజని, కర్బనం పొగలో పోతాయి. ఆ గడ్డి ప్లాంటుకి వెళ్లడమే మేలు. కానీ ఒప్పందంలో రాసేది "తగలబెట్టే గడ్డి" అని కాదు, ఎకరాకు ఇంత అని. అప్పుడు నేలకి కప్పే గడ్డీ, పశువులకి వేసే గడ్డీ కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. మా వీధిలో నాలుగు గేదెలున్న అక్క ఒకామె అడిగింది: "గడ్డంతా కట్టలు కట్టి పంపేస్తే ఎండాకాలంలో నా గేదెలకి ఏం వెయ్యమంటావు తమ్ముడూ?" ఆ లిస్టులో ఉన్న ఏ ఒక్కరూ ఈ ప్రశ్న అడగరు. అందుకే ఆవిడ వేదిక మీద ఉండాలి.

ఇంకో సంగతి. గడ్డి ఏ ప్లాంటుకి పోతోంది అన్నది చాలా ముఖ్యం. బాయిలర్‌లో కాల్చడానికి పోతే మనకి తిరిగొచ్చేది మహా అయితే బూడిద. బయోగ్యాస్ అలా కాదు. గ్యాస్‌లో పోయేది ముఖ్యంగా కర్బనం, హైడ్రోజన్. నత్రజని, పొటాష్ దాదాపు మొత్తం స్లర్రీలోనే ఉంటాయి. ఆ స్లర్రీ మన పొలానికి తిరిగొస్తే లెక్క చాలావరకు సరిపోతుంది. రాకపోతే మన నేల సారం ఇంకెవరి చేలోనో పడుతుంది. ఇలాంటి ఎరువు అమ్మకానికి టన్నుకు 1,500 రూపాయల సాయం ఇస్తామని 2023 జూన్‌లో కేంద్రం ప్రకటించింది. అంటే దానికీ ధర ఉంది. ధర ఉన్న వస్తువుని మనకి ఊరికే ఎందుకు తెచ్చిస్తారు? ముందే కాగితం మీద రాయించుకోవాలి.

పాత అనుభవం కూడా గుర్తుంచుకుందాం. 2003లో అడవి ఆముదంతో డీజిల్ అన్నారు. 2011-12కి డీజిల్‌లో 20 శాతం కలపాలని లెక్కలేశారు. నీళ్లు లేని బీడు నేలలో చెప్పినంత దిగుబడి రాలేదు, ఆ లక్ష్యం దగ్గరికి కూడా వెళ్లలేదు. అదే రోజుల్లో ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గిరిజన మహిళలు కానుగ గింజల నూనె మీద పనిచేశారు. దాంతో తగ్గే కార్బన్‌కి 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. డబ్బు చిన్నదే. కానీ ఆ పని మహిళా సంఘాల చేతుల్లో నడిచింది. నాకు అందులో కనిపించే తేడా అదే.

ఇక చర్చ ఎలా పెడితే బాగుంటుందో నా ప్రతిపాదన చెబుతాను.

మూడు వారాల ముందే ఊళ్లో గడ్డి లెక్క తియ్యాలి. ఎంత తగలబెడుతున్నాం, ఎంత పశువులకి, ఎంత నేలకి అని ఇంటింటికీ అడగాలి. ఈ కాగితం లేకుండా వేదిక ఎక్కితే అందరం ఊహలే మాట్లాడతాం.

వేదిక మీద అయిదు కుర్చీలు చాలు. పాడి రైతు అక్క, ఒక కౌలు రైతు, ఆచ్ఛాదన చేస్తున్న మన ఐసీఆర్పీ, నేలల గురించి తెలిసిన శాస్త్రవేత్త, ప్లాంటు ప్రతినిధి. మాట్లాడే వరస కూడా ఇదే. ప్లాంటు వాళ్లు ముందు మాట్లాడితే మిగతావాళ్లు వాళ్లకి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. చివర మాట్లాడితే వాళ్లే మనకి జవాబు చెబుతారు. కౌలు రైతు ఎందుకంటే, మా వైపు గడ్డి కౌలుదారుదే. ఒప్పందం మాత్రం పాస్‌బుక్ ఉన్నవాళ్ల పేరు మీద రాస్తామంటున్నారు. నడిపించేవాళ్లు గడ్డితో లాభనష్టాలు లేని మనిషి, మన హైస్కూల్ మాస్టారు లాంటివారు అయితే మంచిది.

ప్రశ్నలు ముందే రాసి అందరికీ పంపాలి. ఎకరాకు ఎంత గడ్డి చేలో వదలాలి? స్లర్రీ తిరిగి తెచ్చే లారీ బాడుగ ఎవరిది? తూకం ఎక్కడ, తేమ ఎవరు చూస్తారు, డబ్బు ఎన్ని రోజుల్లో? తుపానొచ్చి గడ్డి తడిసిపోయిన ఏడు పశువుల వాటా పోగా మిగిలిందే ఇస్తామంటే ఒప్పుకుంటారా? జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయాలి. అవి లేకుండా ఒప్పందం మీద సంతకం వద్దు.

"ఇన్ని షరతులు పెడితే వాళ్లు పక్క ఊరికి పోతారురా" అని బాబాయి మళ్లీ అన్నాడు. పోవచ్చు. అందుకే పక్క ఊరి ఎఫ్‌పీవోని కూడా పిలుద్దామన్నాను. రెండు ఊళ్లూ ఒకే ప్రశ్న అడిగితే పోయే చోటు తగ్గుతుంది.

నేను మాత్రం వేదిక ఎక్కను. కిందటేడు నా బేలర్ ఎన్ని ఎకరాల్లో ఎన్ని కట్టలు ఎత్తిందో, నాకెంత వచ్చిందో కాగితం మీద రాసి అందరికీ పంచుతాను. ఇష్టం ఉన్నవాళ్లు అడగొచ్చు.

మీ ఊళ్లో ప్లాంటుకి గడ్డి ఇచ్చి స్లర్రీ వెనక్కి తెచ్చుకున్నవాళ్లు ఉంటే, ఎకరాకు ఎంత వేశారు, ఖర్చెంత అయింది కింద రాయండి. చర్చ రోజున చదివి వినిపిస్తాను.