పెళ్ళికార్డు మీది అక్షరం ఎవరిది?

నందిగామ (మా విలేఖరి): ముహూర్తాల రోజులు వచ్చాయంటే నందిగామ, జగ్గయ్యపేటల్లోని డి.టి.పి. సెంటర్లకు ఊపిరి సలపదు. పెళ్ళికార్డులు, దినకర్మ పత్రికలు, పంచాయతీ వేలంపాట నోటీసులు, ఎన్నికల కరపత్రాలు అన్నీ అక్కడే తయారు కావాలి. కార్డు మందం, రంగు, ధర గురించి గంటసేపు బేరమాడే పెళ్ళివారు దాని మీది అక్షరం ఎవరిదని మాత్రం అడగరు. వారికి ఆ అవసరం లేదు. సెంటరు నడుపుకుని బతికే కుర్రవానికి మాత్రం ఉన్నది.

కంప్యూటరు ప్రోగ్రాములకు కూడా 1957 నాటి కాపీరైటు చట్టం వర్తిస్తుంది. 1994లో చేసిన సవరణతో ఆ చట్టంలో 63-బి అనే సెక్షను చేరింది. దొంగ కాపీ అని తెలిసి కూడా ప్రోగ్రామును కంప్యూటరులో వాడినవారికి ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని అందులో ఉన్నది. వ్యాపారం కోసం వాడలేదని తేలితే జైలు లేకుండా 50 వేలకు మించని జరిమానాతో కోర్టు సరిపెట్టవచ్చు. ఇంట్లో పాఠం వ్రాసుకునే పిల్లవానికి ఉన్న ఈ వెసులుబాటు, కార్డుకింత అని డబ్బు పుచ్చుకునే సెంటరుకు ఉండదు. ఏ సెంటరులో ఏ సాఫ్ట్‌వేరు ఉన్నదో ఈ విలేఖరి తనిఖీ చేయలేదు గాని, పెన్‌డ్రైవులో చేతులు మారే సరుకు సంగతి మన ప్రాంతంలో తెలియనివారు అరుదు.

ఇందుకు చట్టబద్ధమైన దారి లేకపోలేదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు చాలాకాలంగా అందరికీ అందుబాటులో ఉన్నాయి. రెడ్ హ్యాట్ కంపెనీ విడుదల చేసిన లోహిత్ ఫాంటు తెలుగులోనూ ఉన్నది. అమెరికా తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర కూడా పలు తెలుగు ఫాంట్లను ఎవరైనా వాడుకోవచ్చునని విడుదల చేసింది. వాటిలో ఒకదాని పేరు మండలి, దివిసీమకు చెందిన మండలి వెంకటకృష్ణారావుగారి పేరిట పెట్టినది. మరొకటి ఎన్టీఆర్. మన నందిగామ, జగ్గయ్యపేటలు కృష్ణా జిల్లా నుంచి విడివడి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది 2022 ఏప్రిల్‌లో కాగా, ఆ పేరుతో అక్షరం అంతకు ఏళ్ళ ముందే వచ్చింది.

ఎవరైనా వాడుకోవచ్చు అంటే దానికి యజమాని లేడని అర్థం కాదు. తికమకంతా ఇక్కడే ఉన్నది. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకే మాట కావడంతో అక్కడివారు దశాబ్దాలుగా వివరణలు ఇచ్చుకుంటున్నారు. మనకు రెండు మాటలున్నాయి గనుక ఆ బాధ లేదు. హైదరాబాదు కేంద్రంగా ఈ ఉద్యమం నడుపుతున్న సంస్థ పేరు కూడా స్వేచ్ఛే. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ఈ పని ప్రారంభించి, 1989లో జి.పి.ఎల్. అనే లైసెన్సు వ్రాశారు. వాడుకో, విప్పి చూడు, మార్చుకో, పదిమందికీ పంచు, అయితే మార్చిన దానిని పంచేటప్పుడు అవతలివారికి కూడా ఇవే హక్కులు ఇవ్వు అన్నది దాని సారాంశం. కాపీరైటును వదులుకోలేదు. ఆ హక్కును పట్టుకునే ఈ షరతు పెట్టారు.

మన మిర్చి, పత్తి రైతులకు ఇది విత్తనం లెక్కన చెబితే సులువుగా తెలుస్తుంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, పొరుగువానికి ఇవ్వవచ్చు, అమ్మవచ్చు కూడా. రక్షణ పొందిన రకమైతే బ్రాండు పేరు వేసి అమ్మరాదు. జి.పి.ఎల్. మరో అడుగు ముందుకు వేసి, నీవు పుచ్చుకున్న విత్తనం నుంచి కొత్త రకం తీసి పంచితే దానిని కూడా ఇలాగే ఇవ్వాలంటుంది. హైదరాబాదులోని సుస్థిర వ్యవసాయ కేంద్రం సాఫ్ట్‌వేరు వారి ఈ పద్ధతినే విత్తనాలకు తీసుకురావడం గమనించదగ్గ విషయం.

అక్షరాల దగ్గరకు వచ్చేసరికి ఈ లైసెన్సుతోనే ఒక చిక్కు వచ్చిపడింది. పుస్తకాన్ని ఫైలుగా పంపేటప్పుడు ఫాంటు కూడా అందులో ఇమిడిపోతుంది. మరి ఆ పుస్తకానికి కూడా జి.పి.ఎల్. చుట్టుకుంటుందా అన్న సందేహం బయలుదేరింది. కొందరు లైసెన్సుకు మినహాయింపు వాక్యం జతచేశారు. మరికొందరు ఫాంట్ల కోసమే వ్రాసిన ఓ.ఎఫ్.ఎల్. అనే లైసెన్సుకు మారారు. లోహిత్ 2011లో మారింది. సిలికానాంధ్ర వారిదీ అదే. ఫాంటుతో తయారుచేసిన పత్రానికి లైసెన్సు వర్తించదని అందులో స్పష్టంగా ఉన్నది గనుక, పెళ్ళికార్డు అచ్చువేసి డబ్బు తీసుకుంటే తప్పులేదు. ఫాంటును మాత్రం విడిగా అమ్మరాదు. వేరే సాఫ్ట్‌వేరుతో కలిపితే అమ్మవచ్చునట. చిన్న ప్రోగ్రాము ఒకటి జతచేసినా షరతు తీరుతుందని స్టాల్‌మన్ స్థాపించిన సంస్థే వ్రాసింది! అంతమాత్రానికి షరతు ఎందుకో బోధపడదు.

పేరు చెప్పవలసిన బాధ్యత మరో చోట ఉన్నది. తెలుగు వికీపీడియాలో మన గ్రామాల గురించి వ్రాసినది ఎవరైనా తీసుకుని అచ్చువేయవచ్చు, అయితే ఎక్కడిదో చెప్పాలి, తాము మార్చి ప్రచురిస్తే అదే లైసెన్సుతో ఇవ్వాలి. 2009 నుంచి అక్కడ అమలులో ఉన్న క్రియేటివ్ కామన్స్ నిబంధన ఇది. ఊరి చరిత్రలు, తిరునాళ్ళ సంచికలు వేసేవారు ఈ సంగతి పట్టించుకోవడం కానరాదు.

ఇన్ని ఫాంట్లున్నా సెంటర్లు పాతవాటిని వదలకపోవడానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు. ఏళ్ళ తరబడి దాచుకున్న కార్డు నమూనాలన్నీ పాత పద్ధతిలోనే ఉన్నాయి. ఆ పద్ధతిలో టైపు చేసిన అర్జీ, అదే ఫాంటు లేని ఆఫీసులో తెరిస్తే పిచ్చిగీతలుగా కనబడుతుంది. యూనికోడ్ ఫాంట్లతో ఆ బెడద లేదు. కాని చేయి తిరిగిన ఆపరేటరు కొత్త కీబోర్డు నేర్చుకునే కొద్దివారాలు గిరాకీ దెబ్బతింటుంది. ఆ నష్టం భరించేది ఎవరు? కేరళ ప్రభుత్వం బడులలోనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నేర్పిస్తున్నది. మన జూనియర్ కాలేజీలు, పాలిటెక్నిక్కులలో నేర్పితే ఆ భారం సెంటరు కుర్రవాని మీద పడదు.

మండలి, ఎన్టీఆర్, రామభద్ర ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. దించుకున్న మూటలో ఓ.ఎఫ్.ఎల్. అనే చిన్న ఫైలు కూడా వస్తుంది. ఎందుకులే అని దానిని తుడిచివేయరాదు. ఎవరైనా వచ్చి అడిగితే సెంటరువారు చూపవలసిన కాగితం అదే.